సబ్‌వూఫర్ ఎన్ని ఇంచులు? ముందు డిక్కీ కొలవండి

ఇంట్లో కారు కొనేటప్పుడు రంగు ఏది బావుంటుందో మనల్ని అడుగుతారు. సీటు కవర్ల సంగతీ అడుగుతారు. మ్యూజిక్ సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాటలన్నీ అన్నయ్యకీ షాపు ఆయనకీ మధ్యే అయిపోతాయి. ఖర్చయ్యేది ఇంటి డబ్బు. డిక్కీలో చోటు పోయేది అందరికీ. రాత్రి పదింటికి కిటికీలు అదిరితే పక్కింటివాళ్ళు వచ్చి అడిగేది అమ్మని. అందుకే ఈసారి మన గోడ పత్రికలో కారు సబ్‌వూఫర్ గురించి. ఫిజిక్సు చదివేవాళ్ళకి ఇందులో కొంత తెలిసిందే అయినా, తెలుగులో చదివితే ఇంకో రుచి.

చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అయినా, బెంగళూరు జేసీ రోడ్డులో అయినా షాపులో మొదట వినపడే ప్రశ్న ఒకటే. “ఎత్తన ఇంచు?” అని తమిళంలోనో, “ఎష్టు ఇంచు?” అని కన్నడంలోనో అడుగుతారు. ఎనిమిది, పది, పన్నెండు, పదిహేను అని నాలుగు సైజులు ముందర పెడతారు. మనవాళ్ళు గాజులు కొన్నట్టు చెయ్యి చూసి సైజు చెప్పలేరు కదా, “పెద్దదే ఇవ్వండి” అనేస్తారు. నిజానికి ఇంచులు చివర తేలాల్సిన సంగతి. దానికంటే ముందు తెలుసుకోవలసినవి మూడున్నాయి: కారులో చోటెంత, కరెంటు ఎంత, వినే పాటలు ఏవి. ఒక్కొక్కటీ చూద్దాం.

సబ్‌వూఫర్ చేసే పనేంటి?

మార్గళి నెల కచేరీల్లో మృదంగం దగ్గరగా చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. మృదంగానికి రెండు ముఖాలు. ఎడమ ముఖం వెడల్పు, కుడి ముఖం చిన్నది. కచేరీకి ముందు విద్వాంసులు ఎడమ ముఖం మధ్యలో తడిపిన రవ్వ ముద్ద అతికిస్తారు. దాని బరువుకి తోలు నెమ్మదిగా ఊగుతుంది, నాదం కిందికి దిగి “ధోం” అని గంభీరంగా వస్తుంది. మంద్రమైన శబ్దం కావాలంటే వెడల్పు కావాలి, బరువు కావాలి అన్నది మనవాళ్ళకి స్పీకర్లు పుట్టకముందే తెలుసు.

స్పీకరులోనూ అదే సూత్రం. మనిషి చెవి సెకనుకి 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వినగలదు. ఈ కంపనాల లెక్కనే హెర్ట్జ్ అంటాం. కారు తలుపుల్లో ఉండే ఆరు, ఆరున్నర ఇంచుల స్పీకర్లు గొంతునీ, వీణనీ, తబలా పైశబ్దాన్నీ బాగానే పలికిస్తాయి. 80 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి వాటికి ఊపిరి చాలదు. బలవంతంగా సౌండ్ పెంచితే గరగరమంటాయి. ఆ కింది భాగాన్ని, అంటే 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా ఉన్నదాన్ని, విడిగా మోయడానికే సబ్‌వూఫర్ పెట్టేది. మొత్తం పాటని గట్టిగా వినిపించడం దాని పని కాదు. సరిగ్గా అమర్చిన సబ్‌వూఫర్ ఒకటుందని వినేవాళ్ళకి తెలియనే తెలియదు. ఆపేసినప్పుడే “ఏదో తగ్గిందే” అనిపిస్తుంది.

ఇంకో చిన్న లెక్క. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని 50తో భాగిస్తే 50 హెర్ట్జ్ శబ్దపు ఒక అల పొడవు వస్తుంది. దాదాపు 7 మీటర్లు. మన కారు మొత్తం పొడవే నాలుగు మీటర్ల చిల్లర! అంత పొడుగు అల ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. అందుకే సబ్‌వూఫర్ వెనక డిక్కీలో ఉన్నా, ముందు కూర్చున్నవాళ్ళకి బేస్ పాటతో కలిసే వినిపిస్తుంది.

దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. అల కారు లోపలి చోటుకంటే పొడవు కాబట్టి, మూసిన కారులో స్పీకరు తోసిన గాలికి పోయే దారి లేదు. లోపలి గాలంతా ఒక్కసారిగా నొక్కుకుని వదులుతుంది. అందువల్ల కింది శబ్దాలకి కారే కొంత బలం కలుపుతుంది. కల్యాణ మండపంలో చాలని సైజు కారులో చాలిపోతుంది. “పెద్దదే ఇవ్వండి” అనేముందు గుర్తుపెట్టుకోవలసిన మొదటి సంగతి ఇది.

ఇంచుల లెక్క

ఇంచులు అంటే స్పీకరు గుండ్రటి ముఖానికి అడ్డకొలత. శబ్దాన్ని పుట్టించేది అడ్డకొలత కాదు, దాని వైశాల్యం. వృత్త వైశాల్యం అడ్డకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుందని స్కూల్లోనే చదివాం. ఎనిమిది వర్గం 64, పది వర్గం 100, పన్నెండు వర్గం 144, పదిహేను వర్గం 225. అంటే పదినుంచి పన్నెండుకి పోతే రెండే ఇంచులు పెరిగినట్టు కనిపించినా వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. పదిహేను అయితే పదికి రెండుంబావు రెట్లు. ఇంకో విశేషం: రెండు పది ఇంచులవి పెడితే 200, ఒక్క పన్నెండు కంటే ఎక్కువ. రెండు ఎనిమిదులు పెడితే 128, ఒక్క పది కంటే ఎక్కువ.

వైశాల్యం సగం కథే. సైకిలు పంపు తలుచుకోండి. గొట్టం వెడల్పుగా ఉన్నా గాలి ఎక్కువ పోతుంది, కడ్డీ బాగా లోపలిదాకా నొక్కినా ఎక్కువ పోతుంది. సబ్‌వూఫర్ కోన్ కూడా అంతే. ఎంత వెడల్పు, ముందుకీ వెనక్కీ ఎంత దూరం కదులుతుంది అన్న రెండూ గుణిస్తేనే అది తోసే గాలి తేలుతుంది. బాగా కదిలే పది ఇంచుల స్పీకరు, అంతగా కదలని పన్నెండు ఇంచులదానికి సమానం కావచ్చు. ఒక్కోసారి మించిపోవచ్చు కూడా. అందుకని ఇంచులు ఒక్కటే అడిగితే సగం జవాబే వస్తుంది.

ఎంత కిందికి దిగితే అంత గాలి కావాలి అన్నది కూడా లెక్కే. ఆరుబయట 80 హెర్ట్జ్ దగ్గర వచ్చిన శబ్దమే 40 హెర్ట్జ్ దగ్గరా అంతే బలంగా రావాలంటే నాలుగు రెట్లు గాలి తోయాలి. పెద్ద సైజుకి నిజమైన లాభం ఇక్కడే ఉంది. అది కిందికి దిగుతుంది. మరి మనం వినే పాటలు అంత కిందికి దిగుతాయా? ఆ సంగతి తర్వాత.

బాక్సు లేకపోతే బేస్ లేదు

స్పీకరు కోన్ ముందుకి కదిలినప్పుడు ముందరి గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. పన్నెండు ఇంచుల సబ్‌వూఫర్‌ని బాక్సు లేకుండా బల్లమీద పెట్టి మోగిస్తే పెద్దగా బేస్ రాకపోవడానికి కారణం ఇదే. ఆ రెంటినీ విడదీయడానికే బాక్సు.

బాక్సుల్లో ముఖ్యంగా రెండు రకాలు. అన్నివైపులా మూసినది మొదటిది. ఇది చిన్నగా ఉంటుంది, దెబ్బ తేటగా వినిపిస్తుంది. గొట్టమో సందో పెట్టి గాలి బయటికి వదిలేది రెండోది. అంతే కరెంటుతో ఎక్కువ మోత ఇస్తుంది, కానీ చోటు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు తింటుంది. ఆ గొట్టం పొడవు లెక్క తప్పితే పాటంతా ఒకే “బూం బూం” అయిపోతుంది.

మూసిన బాక్సుకి కావలసిన లోపలి చోటు సుమారుగా ఇలా ఉంటుంది. ఎనిమిది ఇంచులకి 8 నుంచి 15 లీటర్లు. పదికి 15 నుంచి 25. పన్నెండుకి 25 నుంచి 40. పదిహేనుకి 50 దాటుతుంది. ఖచ్చితమైన అంకె ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, స్పీకరుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం పారేయకూడదు.

ఇవి లోపలి లీటర్లు. డిక్కీలో పోయే చోటు ఇంకా ఎక్కువ. ఒక బాక్సు లోపల 40 సెంటీమీటర్ల పొడవు, 35 ఎత్తు, 25 వెడల్పు అనుకోండి. గుణిస్తే 35,000 ఘన సెంటీమీటర్లు, అంటే 35 లీటర్లు. దాన్ని 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కతో చేస్తే ప్రతి కొలతకీ రెండువైపులా కలిపి 3.6 సెంటీమీటర్లు చేరతాయి. బయటి కొలతలు గుణించి చూస్తే 48 లీటర్లు వస్తుంది. 2018లో వచ్చిన స్విఫ్ట్ డిక్కీ 268 లీటర్లు. అంటే అయిదో వంతుకి కొంచెం తక్కువ పోయినట్టు. పైగా బాక్సు మీద బరువైన సామాను పెట్టలేం, స్పీకరు ముఖానికి ఎదురుగా ఏదీ ఆనించలేం. తిరుపతికి ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడు ఆ చోటు విలువ తెలుస్తుంది. ఇంట్లో అవ్వకి చక్రాల కుర్చీ ఉంటే అది ఎక్కడ పెడతారు? డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఉంటే అసలు బాక్సుకి చోటేది?

కాబట్టి షాపుకి వెళ్ళేముందు టేపు తీసుకుని డిక్కీ కొలవండి. మూత మూసినప్పుడు ఎత్తెంత ఉందో, చక్రాల ఉబ్బు ఎంత లోపలికి వచ్చిందో, స్టెప్నీ తియ్యడానికి దారి ఉంటుందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. టైరు పంక్చరయిన రాత్రి బాక్సు విప్పి రోడ్డుమీద పెట్టుకోవలసిన గతి రాకూడదు.

కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

బాక్సు మీద “1200 వాట్స్” అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది క్షణంపాటు తట్టుకునే అంకె. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఆర్‌ఎమ్‌ఎస్ అని ఇంకో అంకె ఉంటుంది, 250 అనో 300 అనో. అది గంటలకొద్దీ నిలకడగా మోయగలిగిన బరువు. పోల్చుకోవలసింది రెండో అంకెనే. ఆంప్లిఫయర్ ఆర్‌ఎమ్‌ఎస్, సబ్‌వూఫర్ ఆర్‌ఎమ్‌ఎస్ దాదాపు సమానంగా ఉండాలి. స్పీకరు ఓమ్‌లు కూడా ఆంప్లిఫయర్‌కి సరిపడాలి. నాలుగు ఓమ్‌లకి తయారైన ఆంప్‌కి ఒక ఓమ్ బరువు తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది.

చిన్న ఆంప్‌కి పెద్ద స్పీకరు తగిలిస్తే ఏమవుతుంది? మోత చాలదు. అప్పుడు ఆంప్ మీద ఉన్న గెయిన్ బిరడా చివరిదాకా తిప్పేస్తారు. అది సౌండ్ పెంచే బిరడా కాదు. స్టీరియో నుంచి వచ్చే సంకేతానికి ఆంప్‌ని సరిపెట్టేది. అతిగా తిప్పితే అల పైభాగం, కింది భాగం కత్తిరించినట్టు చదునవుతాయి. ఆ శబ్దం చెవికి కటువుగా ఉంటుంది, స్పీకరు లోపలి కాయిల్ వేడెక్కి మాడు వాసన వస్తుంది. చిన్న ఆంప్‌తో కూడా సబ్‌వూఫర్ కాలిపోవడం ఇలాగే.

కారు పక్కనుంచి కూడా లెక్క చూద్దాం. 500 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ ఆంప్, వందకి ఎనభై పాళ్ళు మాత్రమే శబ్దం వైపు పంపుతుందనుకుంటే, కారునుంచి 625 వాట్లు లాగుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టులకి కాస్త తక్కువ. భాగిస్తే 45 ఆంపియర్లు. పాట అంతసేపూ అదే బలంతో మోగదు కాబట్టి సగటున ఇంత పోదు. అయినా పెద్ద దెబ్బ పడిన ప్రతిసారీ హెడ్‌లైట్లు మినుకుమంటుంటే, కారు దాని శక్తికి మించి ఇస్తోందని అర్థం. హెడ్‌లైట్లు, ఏసీ, వైపర్లు, ఇంజనుకి కావలసిన కరెంటు అన్నీ ఆ ఒక్క ఆల్టర్నేటరే ఇవ్వాలి.

ఇక్కడ డబ్బుకి సంబంధించిన ఒక సంగతుంది. 300 వాట్ల నుంచి 600 వాట్లకి పోతే మోత రెట్టింపు కాదు, 3 డెసిబెల్ మాత్రమే పెరుగుతుంది. చెవికి అది “కొంచెం ఎక్కువైంది” అన్నంతే. రెట్టింపు అయినట్టు వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్ పెరగాలి, అంటే పదిరెట్లు వాట్లు కావాలి. కాబట్టి వాట్ల కోసం పోసే డబ్బులో కొంత మంచి బాక్సుకీ మంచి వైర్లకీ పెడితే ఫలితం ఎక్కువ.

వైర్ల మాట వచ్చింది కాబట్టి తప్పనిసరిగా చెప్పాలి. ఆంప్‌కి పోయే పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీకి దగ్గర్లో, అరమీటరు లోపే, ఫ్యూజు ఉండాలి. వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని పైతొడుగు చిరిగితే, ఫ్యూజు లేనప్పుడు బ్యాటరీ శక్తంతా ఆ ఒక్కచోట మంటగా మారుతుంది. ఫ్యూజు ఆంప్ పక్కన డిక్కీలో ఒక్కటే ఉంటే చాలదు, మధ్యలో ఉన్న నాలుగు మీటర్ల వైరుకి కాపలా లేనట్టే. వైరు రాగిదా, అల్యూమినియం మీద రాగిపూత పూసినదా అని కూడా అడగండి. రెండోది చవక, అదే మందానికి తక్కువ కరెంటు మోస్తుంది.

వినే పాటలు ఏవి?

ఎప్పుడూ త్యాగరాజ కీర్తనలూ, పాత మెలొడీలూ పెట్టుకునే ఇంటికి ఎనిమిది ఇంచులు చాలు. మృదంగం ఎడమ దెబ్బ, వయొలిన్ కింది తీగ నిండుగా వినపడతాయి. మెలొడీ, సినిమా డాన్సు పాటలు, డప్పు పాటలు అన్నీ కలిపి వినేవాళ్ళకి పది ఇంచులు మధ్యేమార్గం. డప్పుకీ తవిల్‌కీ కావలసింది తేటగా పడే దెబ్బ. అది బాగా కట్టిన మూసిన బాక్సులో పది ఇంచులతో హాయిగా వస్తుంది. కంప్యూటర్‌లో తయారైన బేస్, 30, 40 హెర్ట్జ్ దగ్గర సాగదీసే శబ్దాలు ఉన్న పాటలు వినేవాళ్ళకే పన్నెండు ఇంచుల అసలు ప్రయోజనం తెలుస్తుంది. పదిహేను అన్నది పోటీలకి దిగేవాళ్ళ సైజు. మామూలు ఇంటి కారుకి అక్కర్లేదు.

“చిన్నది చురుగ్గా మోగుతుంది, పెద్దది మందంగా మోగుతుంది” అని షాపుల్లో అంటుంటారు. ఇది పూర్తి నిజం కాదు. మందంగా మోగేది ఎక్కువగా కొలత తప్పిన బాక్సు వల్ల, సరిగా పెట్టని ఫిల్టరు వల్ల. సరైన బాక్సులో పన్నెండు కూడా తేటగానే పలుకుతుంది. చాలని బాక్సులో ఎనిమిది కూడా బుడబుడలాడుతుంది.

మరి ఏ కారుకి ఏది?

చిన్న కారు, డిక్కీ పోగొట్టుకోవడం ఇష్టం లేదు, లేదా సీఎన్‌జీ సిలిండరు ఉంది అంటే సీటు కింద పట్టే పలచటి సబ్‌వూఫర్ చూడండి. ఎత్తు ఏడెనిమిది సెంటీమీటర్లే, ఆంప్ లోపలే ఉంటుంది. అద్దాలు అదరవు, పాటకి నిండుదనం మాత్రం వస్తుంది. సీటు ముందుకీ వెనక్కీ జరిపి కింద సందు కొలిచాకే కొనండి.

చిన్న కారే, డిక్కీలో కొంత ఇవ్వగలం అంటే మూసిన బాక్సులో ఒక పది ఇంచులది. నూటికి ఎక్కువ ఇళ్ళకి ఇదే సరైన జవాబు.

డిక్కీ విడిగా ఉండే సెడాన్‌లో వెనక సీటు అడ్డుగోడలా నిలబడుతుంది. అక్కడ కొంత శబ్దం డిక్కీలోనే మిగిలిపోతుంది కాబట్టి పన్నెండు ఇంచులకి అర్థముంది. చోటు కూడా ఉంటుంది. వెనక సీటు మధ్యలో తెరుచుకునే మూత ఉంటే బేస్ ముందుకి బాగా వస్తుంది.

వెనక సామాను చోటు, మనుషుల చోటు ఒకటే గది అయిన పెద్ద బండ్లలో అడ్డు లేదు. అక్కడ పదే చాలు, పన్నెండు సరదా.

చెవి, వీధి

కింది శబ్దం గట్టిగా ఉన్నా చెవికి గట్టిగా అనిపించదు. అందుకే తెలియకుండా పెంచుకుంటూ పోతాం. పనిచేసే చోట్ల వాడే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెల్ శబ్దంలో రోజుకి 8 గంటలు మించకూడదు. 3 డెసిబెల్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి వచ్చేసరికి పావుగంట. మూసిన కారులో 100 దాటడం పెద్ద విషయమేమీ కాదు. పోయిన వినికిడి మందుతో తిరిగి రాదు. అంబులెన్సు సైరను వినపడని కారు రోడ్డుమీద ఇతరులకీ ప్రమాదమే.

మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు ఇళ్ళున్న ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు పెట్టాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. పైశబ్దాలని గోడలూ అద్దాలూ కొంత ఆపుతాయి, బేస్‌ని అంతగా ఆపలేవు. వీధి చివర కారులో పాట ఏదో మనకి తెలియదు గానీ దాని “దుబ్ దుబ్” మన పడకగదిలోకి వస్తుంది.

షాపులో అడగవలసిన అయిదు

ఇంట్లోవాళ్ళతో షాపుకి వెళ్ళినప్పుడు ఇవి కాగితం మీద రాసుకెళ్ళండి.

1. ఈ సబ్‌వూఫర్ ఆర్‌ఎమ్‌ఎస్ ఎంత, ఈ ఆంప్ ఆర్‌ఎమ్‌ఎస్ ఎంత?
2. దీనికి ఎన్ని లీటర్ల బాక్సు కావాలి? మీరిచ్చే బాక్సు లోపల ఎన్ని లీటర్లు?
3. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెడతారా? వైరు రాగిదేనా?
4. కారు కంపెనీ వైర్లు కోస్తారా, కప్లరుతో కలుపుతారా? కోస్తే వారంటీకి ఇబ్బంది రావచ్చు.
5. మా పాటే పెట్టి, 80 హెర్ట్జ్ దగ్గర ఫిల్టరు సరిచేసి వినిపిస్తారా?

“అన్నా, దీని ఆర్‌ఎమ్‌ఎస్ ఎంత?” అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. అంతదాకా మన అన్నయ్య వైపు తిరిగి మాట్లాడుతున్న షాపు ఆయన మన వైపు తిరుగుతాడు. డిక్కీ కొలతలు, ఈ అయిదు జవాబులు ఒకే కాగితం మీదికి వచ్చాక ఎనిమిదా, పదా, పన్నెండా అన్నది ఎవరూ చెప్పక్కర్లేకుండానే తేలిపోతుంది.